అనసూర్య టీచరమ్మ పద్ధతి

బొగ్గుబాయి బస్తీ,
ఆదిలాబాద్ జిల్లా.
12-2-1961, ఆదివారం.

ప్రియమైన హఫీజా ఆపాకు,

నీ అనసూర్య ముందు సలాము చేసి, ఆ తర్వాత చేతులు కూడా జోడించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మా అవ్వా ఉన్నామంటే ఉన్నాం. అవ్వ మోకాళ్ళు మాత్రం ఆమె మాట వినడం మానేశాయి. అక్కడ నువ్వూ, జబ్బార్ భాయీ, మీ అమ్మాయి నసీమా చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. మంథనిలో గోదావరి నీళ్ళు తాగేవాళ్ళకేం లోటు. మా బస్తీలో పొద్దున తెల్లచీర ఆరేస్తే సాయంత్రానికి అది ఏ రంగు చీరో మనమే మరిచిపోతాం.

నీ ఉత్తరం చేరింది. నవ్వాలో ఏడవాలో తెలియక పొయ్యి మీద అన్నం మాడబెట్టాను. మా తరగతిని చూసి వెళ్ళిన డిప్టీ ఇన్‌స్పెక్టరు గారు మీ బడికి కూడా వచ్చారనీ, అక్కడ మాస్టర్లందరి ముందూ నా పేరు ఎత్తి మెచ్చుకున్నారనీ రాశావు. బరిగె లేకుండా బొగ్గుబాయి పిల్లలను దారిలో పెట్టిన టీచరును ఆయన ఇంతవరకూ చూడలేదన్నారట. వచ్చే నెల కరీంనగర్‌లో జరిగే మాస్టర్ల సభలో నా చేత మాట్లాడించబోతున్నారన్నది నిజమే, నాకూ కాగితం వచ్చింది. ఆ పద్ధతేదో ముందు నాకు రాయి, మా మూడో తరగతిలో రేపే మొదలుపెడతాను, నసీమా కూడా అందులోనే కూర్చుంటున్నది అని అడిగావు.

అడిగింది నువ్వు కాబట్టి రాస్తున్నాను. ఇంకెవరైనా అయితే పిల్లలను ప్రేమగా చూడండి అని ఒక ముక్క రాసి పారేసేదాన్ని. జర ఓపిక పట్టి చదువు.

ట్రైనింగులో మనం ఒకే గదిలో ఉన్నప్పుడు ఒట్టు పెట్టుకున్నాం కదా, ఎక్కడికి వేసినా ఏ పిల్ల మీదా చెయ్యి ఎత్తొద్దని. ఆ ఒట్టుతోనే పోయిన జూన్‌లో ఈ బడికి వచ్చాను. మా హెడ్మాష్టరు సిద్దిరాములు సారు మంచి మనిషి, ఆరుగురు పిల్లల తండ్రి, కానీ ఆయనకు వచ్చిన సంస్కృతం ఒక్కటే ముక్క, దండం దశగుణం భవేత్. నేను చేరిన రోజే ఒక చింతబరిగె తెచ్చి నా బల్ల మీద పెట్టారు. దీనితోనే నాలుగో తరగతి నడుస్తదమ్మా, నీ నోటితోని నడువది అన్నారు. నేను ఆ బరిగెను కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను.

మా పిల్లల సంగతి నీకెలా చెప్పను. తండ్రులు ఒకరిది సిరోంచ వైపు, ఒకరిది మానకొండూరు, ఒకరిది ఎక్కడో ఒరిస్సా. అందరూ బొగ్గు కోసం వచ్చి చేరినవాళ్ళు. బాయి సైరన్ మోగితే తరగతి తరగతంతా లేచి కిటికీ మీద పడుతుంది. సిరాలో బొగ్గుపొడి కలుపుతారు, ముందు కూర్చున్నవాడి చొక్కా మీద బొగ్గుతో కోతిని గీస్తారు. సారు గుమ్మంలో నిలబడితే చప్పుడు లేదు. ఆయన వెనక్కి తిరగగానే అంగడి. వీళ్ళందరిలోకీ మొనగత్తె పెంటవ్వ అనే పిల్ల. పదేళ్ళుంటాయి. కరుస్తుంది. నిజంగానే కరుస్తుంది ఆపా, నా మణికట్టు మీద కూడా కరిచింది. ఆమెను బడి నుంచి తీసేద్దామని సారు అప్పటికే పేరు కొట్టేసే దాకా వచ్చి ఉన్నారు. దసరా దాకా నాకు వదిలేయండి, అప్పటికీ మారకపోతే మీ ఇష్టం అని బతిమాలాను. సరే అన్నారు గానీ ఆ నవ్వులో నమ్మకం లేదు.

అప్పుడు మొదలుపెట్టాను నా పద్ధతి. నల్లబల్ల పైన ఒక మూల రంగు సుద్దతో గీత గీశాను. ఆ రోజు ఎవరు మంచి పని చేస్తే సాయంత్రం వాళ్ళ పేరు అక్కడ రాసి, నిలబెట్టి, అందరిచేతా శభాష్ అనిపించేదాన్ని. అంతే. చెడ్డ పని చేసినవాళ్ళను చూడనట్టే ఉండేదాన్ని. మొదటి రోజుల్లో బాగా సాగింది. ఇస్తారి అనే పిల్లవాడు, వాడి ముక్కు ఎప్పుడూ కారుతుంటుంది, పేరు రాయించుకోవడం కోసం ముక్కు కడుక్కుని వచ్చాడు. ఇక గెలిచాననుకున్నాను. ఇల్లలకగానే పండగ కాదని అవ్వ ఎప్పుడూ అంటూనే ఉంటుంది.

పెంటవ్వ పేరు ఎక్కడానికి కొంత కాలం పట్టింది. ఒకనాడు వాన. పక్క పిల్ల పలక తడుస్తుంటే ఈమె తన కొంగు, అంటే వాళ్ళమ్మ పాత చీర ముక్క, దాని మీద కప్పింది. నేను చూశాను. సాయంత్రం పేరు రాశాను. అందరూ శభాష్ పెంటవ్వా అన్నారు. ఆ పిల్ల ఎటు చూడాలో తెలియక గోడ వైపు తిరిగి నిలబడింది. మర్నాటి నుంచి కరవడం మానేసింది. అందరికంటే ముందు వచ్చి తరగతి ఊడ్చేది, ఎక్కాలు ఇంట్లోనే చదువుకుని వచ్చేది. ఆమె పేరు వారంలో సగం రోజులు బల్ల మీద ఉండేది. ఆపా, నా బతుకులో నేను చేసిన ఒక్క మంచి పని ఆ పిల్లే అనుకున్నాను. పొగరు కూడా వచ్చింది, దాచను.

బతుకమ్మ ఆడే రోజుల్లో ఆడవాళ్ళు ఒక్కచోట చేరతారు కదా, అక్కడ పుట్టింది మాట. పిల్ల మంచితనాన్ని అంతమంది ముందు పేరు పెట్టి చెప్తే దిష్టి తగలదా అని. నరుని కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, పసిపిల్లలెంత. అది చాలదన్నట్టు, చెప్పేది ఎవరు? నేను. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయి, కడుపు పండని దాన్ని. సిద్దిరాములు సారు మెచ్చుకుంటే ఏమీ కాదట, ఆయనకు ఆరుగురున్నారు. పిల్లల్లేనిదాని కండ్లు పిల్లల మీద పడితే ఊరుకుంటాయా అని ఒకామె నేను వింటుండగానే అంది. ఆ రాత్రి అవ్వకు చెప్పలేదు. నీకే ఇప్పుడు చెప్తున్నాను.

దసరా సెలవులయ్యాక చూడాలి నా తరగతి! పొద్దంతా బుద్ధిగా ఉంటారు. సరిగ్గా సాయంత్రం సుద్ద పట్టుకోగానే ఒకడు సిరాబుడ్డి తన్నేస్తాడు, ఒకతి పక్కదాని జడ లాగుతుంది, ఇస్తారి కడుక్కున్న ముక్కును చొక్కాకు తుడుచుకుంటాడు. పేరు తప్పించుకోవడానికి! వాళ్ళమ్మ చెప్పి పంపిందట, మంచిగుండు బిడ్డా, గానీ పంతులమ్మకు కనబడేటంత మంచిగుండకు అని. నేను నవ్వాను ఆపా. పడీపడీ నవ్వాను. నవ్వుతూనే అనుకున్నాను, వీళ్ళ మూఢత్వాన్ని వదిలించడం కూడా మన పనే కదా అని.

పెంటవ్వ ఒక్కతే తప్పించుకోలేదు. ఆమెకు ఆ పేరు కావాలి. ఆ పిల్ల పేరు ఇంట్లో గానీ వాడలో గానీ ఎవరూ మంచి మాటకు ఎత్తలేదు మరి. ఒకనాడు వాళ్ళమ్మ శంకరవ్వ బడికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. నీ బాంచెన్ పంతులమ్మా, నా బిడ్డ పేరు రాయకు అంది. దీనికి ముందల ఇద్దరు పుట్టి పోయిండ్రు, గిది పుట్టంగనే పెంట మీద పడేసి తవుడు పెట్టి కొనుక్కున్న, ఎవ్వల కండ్లు పడొద్దనే పెంటవ్వ అని పెట్టుకున్న, నువ్వేమో రోజూ బల్ల మీద రాసి ఊరంతటికి చూపెడుతున్నవు అంది. మన ఊళ్ళలో ఆ ఆచారం నాకు తెలియనిది కాదు. పిల్లలు దక్కని ఇళ్ళలో పెంటయ్యలూ పెంటవ్వలూ అలాగే పుడతారు. కానీ నేను ఆమెకు సైన్సు పాఠం చెప్పాను. కంటి చూపుకు అంత బలం ఉంటే మీ ఆయన బాయిలో దిగి బొగ్గు తవ్వక్కర్లేదు, చూస్తే చాలు పగులుతుంది అన్నాను. ఆమె నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

కార్తీకంలో పెంటవ్వకు జ్వరం పట్టుకుంది. కంపెనీ దవాఖానలో చూపించారు. డాక్టరు టైఫాయిడ్ అన్నాడు, చేర్చుకున్నాడు, గోలీలు ఇచ్చాడు. జ్వరం దిగలేదు. నేను దవాఖానకు వెళ్తే శంకరవ్వ పిల్ల మొహం మీద కొంగు కప్పేసింది. నాకు కనబడకుండా. నేను తెచ్చిన బత్తాయి పండ్లు అక్కడే గట్టు మీద పెట్టి వచ్చాను.

తర్వాత ఒకనాడు పొద్దున ఎక్కాలు చెప్పిస్తుండగా శంకరవ్వ తరగతిలోకే వచ్చింది. పిల్లలందరి ముందూ నా కాళ్ళ దగ్గర కూర్చుంది. పొగిడిన నోటితోనే తిట్టాలె పంతులమ్మా, రాసిన చేతితోనే కొట్టాలె, ఎవ్వలు విన్నరో వాళ్ళ ముందలనే కొట్టాలె, అప్పుడే దిష్టి దిగుతది అంది. బిడ్డను ఎత్తుకొని వస్తా, ఒక్కటి కొట్టు, గంతే అంది. నేను కొట్టను అన్నాను. జబ్బుపిల్లను కొట్టడమేమిటి, నేను అసలు ఎవరినీ కొట్టను అన్నాను. లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం వాళ్ళాయన రాయమల్లు వచ్చాడు. బాయి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్ళు తప్ప అంతా నలుపే. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నీకు చదువున్నది తల్లీ, మాకు పిల్ల ఒక్కతే ఉన్నది అన్నాడు. నువ్వు కొట్టనంటే ఇంకేం లేదు, రేపు కచ్చరం బండి కట్టించి మా ఊరికి తీసుకపోతం, అక్కడ దిష్టి దించే ముసలామె ఉన్నది అన్నాడు. వాళ్ళ ఊరు ప్రాణహిత అవతల. రెండు రోజుల బండి దారి, దవాఖాన లేదు, గోలీ లేదు. డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. అంత దూరం కదిలిస్తే పిల్ల దక్కదమ్మా, వాళ్ళను ఆపడం నా వల్ల కావడం లేదు అన్నాడాయన. సిద్దిరాములు సారుకు చెప్తే, ఒక్క దెబ్బ వేస్తే నీ చేయి అరుగుతదా, పిల్ల పాణం కంటె నీ ఒట్టు పెద్దదా అన్నారు. ఆయన నోట నేను విన్న మాటల్లో ఎదురు చెప్పలేనిది అదొక్కటే.

రాయమల్లుతో బేరం చేశాను. కొడతాను, కానీ కొట్టగానే పిల్లను తిరిగి దవాఖానకే తీసుకపోవాలి, గోలీలు ఒక్క పూట కూడా ఆపొద్దు అన్నాను. సరేనన్నాడు, నేను చేతిలో చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకున్నాను.

మర్నాడు గొంగడిలో చుట్టి తెచ్చారు పెంటవ్వను. తల్లి ఒళ్ళో కూర్చోబెట్టింది, తల నిలవడం లేదు. తరగతి తరగతంతా లేచి నిలబడింది. గుమ్మంలో వాడ ఆడవాళ్ళు. నాకు తిట్లు కూడా సరిగా రావు ఆపా, నీకు తెలుసుగా. బద్ధకపుదానా, మొద్దూ, ఎందుకూ పనికిరానిదానా, నీ మొహానికి చదువొకటా అని అరిచాను. గట్టిగ అను, ఇంకా గట్టిగ అను అని శంకరవ్వ అంటున్నది. వీపు మీద కొట్టాను. ఊరికే తాకించాలనుకున్నాను, కానీ చేతికి ఏం తెలుసు, చప్పుడు వచ్చింది. పాత చొక్కాలోంచి ఆ వేడి నా అరచేతికి తగిలింది. పెంటవ్వ కళ్ళు తెరిచి నన్ను చూసింది. కోపంగా కాదు. ఏడవనూ లేదు. అంత జ్వరంలో నన్ను గుర్తుపట్టడానికి ప్రయత్నం చేసింది, అంతే. మళ్ళీ దవాఖానకు ఎత్తుకుపోయారు.

జ్వరం దిగింది. గోలీలకు దిగే రోజు అదే అయి ఉంటుంది, డాక్టరూ అదే అన్నాడు. ఆయన మాట ఎవరు వింటారు? బస్తీ అంతా పంతులమ్మ చేతి మహత్యం అన్నది. నన్ను చూస్తే పిల్లలను కొంగు చాటు చేసుకున్న ఆడవాళ్ళే ఇంటికి సకినాలు పంపించారు. పిల్లల్లేనిదని అన్నామె ఎదురుపడి, పంతులమ్మా, మా పోరనికి గూడ ఒక్కటెయ్, తిండి తింటలేడు అంది. సిద్దిరాములు సారు కిటికీకి అడ్డం పెట్టిన చింతబరిగెను తీసి, తుడిచి, మళ్ళీ నా బల్ల మీద పెట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నా సంగతి. నేను మూఢత్వం వదిలించడానికి వచ్చి, ఆ మూఢత్వానికే పూజారినయ్యాను.

బల్ల మీద పేర్లు రాయడం మానేశాను. శభాష్ అనడం కూడా మానేశాను. పిల్లలు మాత్రం, ఎందుకో నీకు ఎలా చెప్పను, కుదుటపడ్డారు. గోల లేదు, సిరాబుడ్లు తన్నడం లేదు. డిప్టీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు తరగతిలో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. లెక్కలడిగితే పోటీ పడి చెప్పారు. తప్పు చేస్తే టీచరమ్మ కొడుతుందా అని ఆయన అడిగితే, అందరూ ఒక్క గొంతుతో, కొట్టది సార్ అన్నారు. అది నిజమే. తప్పు చేసినందుకు నేను ఇప్పటికీ ఒక్కరి మీదా చెయ్యి ఎత్తలేదు. ఆయన సంతోషపడి, పోతూ పోతూ హెడ్మాష్టరు గారికి కూడా నన్ను చూసి నేర్చుకోమని చెప్పారు. సిద్దిరాములు సారు వంచిన తల ఎత్తలేదు. పాపం, ఆయన నవ్వు ఆపుకుంటున్నారని నాకు తెలుసు.

ఇదీ ఆపా జరిగింది. కరీంనగర్ సభకు నేను రాను. అవ్వ మోకాళ్ళ పేరు చెప్పి సెలవు పెడతాను, ముసలామె మోకాళ్ళు ఒక్కసారైనా నాకు పనికొస్తాయి. బదిలీకి కూడా రాసుకున్నాను గానీ, ఇంత మంచి టీచరును ఈ బస్తీ నుంచి ఎవరు కదుపుతారు. ఉద్యోగం మానేస్తే అవ్వా నేనూ ఏం తిని బతకాలి. ఇక్కడే ఉంటాను, ఉండక చేసేదేముంది.

జబ్బార్ భాయికి నా నమస్కారాలు. నసీమాను నా మారుగా ఒకసారి దగ్గరకు తీసుకో.

నీ చెల్లెలు,
అనసూర్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. నసీమా కూడా నీ తరగతిలోనే కూర్చుంటున్నదని రాశావు. అందుకని పైన దాటేసింది రాయక తప్పదు.

పెంటవ్వ పూర్తిగా కోలుకుని బడికి వచ్చిన రోజు నేను ఇచ్చిన లెక్క అందరికంటే ముందు చేసింది. పలక తెచ్చి చూపించింది. సరిగ్గా ఉంది. నా ఒట్లూ భయాలూ అన్నీ మరిచిపోయి శభాష్ పెంటవ్వా అన్నాను. ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుని వణికిపోయింది. పలక కింద పడి పగిలింది. నేను దగ్గరకు తీసుకోబోతే వెనక్కి జరిగి, కుడిచెయ్యి చాచి, మంచిగ చేసిన టీచరమ్మా, ఒక్కటి కొట్టు అంది. అప్పుడు గొంగట్ల ఉన్నప్పుడు కొట్టినవు గద, నేను బతకాలెనని కొట్టినవు గద, మా అవ్వ చెప్పింది అంది. కొట్టనన్నాను. ఆమె కదలదు. తరగతి అంతా చూస్తున్నది. చాచిన చెయ్యి అలాగే ఉంది. కొట్టాను. మెల్లగా, రెండు వేళ్ళతో. పెంటవ్వ మొహం విప్పారింది, పోయి తన చోట హాయిగా కూర్చుంది.

మర్నాడు ఇస్తారి చెయ్యి చాచాడు. ఆ తర్వాత అందరూ. ఇప్పుడు లెక్క సరిగ్గా చేసినవాళ్ళూ, పాఠం అప్పజెప్పినవాళ్ళూ, పక్కవాళ్ళకు సాయం చేసినవాళ్ళూ సాయంత్రం వరుసలో నిలబడతారు. నేను అందరికీ కొడతాను. ఇంటికి పోయేసరికి నా అరచెయ్యి ఎర్రగా ఉంటుంది. వేళ్ళతో కొడితే ఇప్పుడు వాళ్ళకు చాలడం లేదు, బరిగెతో కొట్టమంటున్నారు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు, ఆయన పోయాకే వరుస అని ముందే చెప్పాను. ఆయన మెచ్చుకున్న ఆ నిశ్శబ్దం దానికోసం ఎదురుచూడడమే.

ఇది నా పద్ధతి ఆపా. మీ తరగతిలో పెట్టకు. నిన్న లెక్క తప్పు చేసిన ఇద్దరు పిల్లలు వెనక వరుసలో కూర్చుని, నేను వాళ్ళను కొట్టలేదని ఏడ్చారు. వాళ్ళను ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలియలేదు.